చెన్నై వేడిలో చాక్లెట్ ట్రఫుల్స్: ఓవెన్ లేకుండా ఇంట్లోనే చేసుకునే పద్ధతి

చాక్లెట్ ట్రఫుల్స్, అంటే క్రీమ్ కలిపిన చాక్లెట్ ముద్దతో చుట్టే మెత్తటి ఉండలు, చేయడానికి ఓవెన్ అక్కరలేదు, గుడ్డు అక్కరలేదు, బీటర్ కూడా అక్కరలేదు. మంచి చాక్లెట్, ఫ్రెష్ క్రీమ్, కాస్త వెన్న, పైన అద్దడానికి కోకో పొడి ఉంటే చాలు. పొయ్యి దగ్గర పని పది నిమిషాలకు మించదు, మిగిలినదంతా ఫ్రిజ్ చూసుకుంటుంది. అయితే ఈ వంటకానికి ఎక్కువగా కనిపించే కొలతలన్నీ చల్లటి దేశాల వంటగదులకు సరిపోయేవి. ఇరవై డిగ్రీల గదిలో గుండ్రంగా, గట్టిగా నిలిచే ఉండ చెన్నైలో మే నెల మధ్యాహ్నం పళ్ళెంలో పెట్టిన కొద్దిసేపటికే అంచులు కోల్పోయి చతికిలబడుతుంది. చాక్లెట్‌కు గట్టిదనాన్నిచ్చే కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నోట్లో వేసుకోగానే చాక్లెట్ కరిగిపోవడానికి కారణం అదే. కానీ అగ్నినక్షత్రం రోజుల్లో మన వంటగది వేడి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అందువల్ల ఇక్కడ కొలత మార్చుకోవాలి, పని చేసే వేళ మార్చుకోవాలి, చాక్లెట్ కొనేటప్పుడు మరికాస్త జాగ్రత్త పడాలి. ఈ మూడూ పాటిస్తే వేలచేరిలో చేసినా, అంబత్తూరులో చేసినా ట్రఫుల్స్ చక్కగా కుదురుతాయి.

ముందుగా చాక్లెట్ సంగతి. దుకాణాల్లో వంట కోసం అమ్మే పెద్ద దిమ్మల్లో చాలావరకు కాంపౌండ్ రకమే. అందులో కోకో బటర్ బదులు వేరే వృక్షసంబంధమైన కొవ్వు వాడతారు కనుక అది చవక, పైగా ఎండకు కొంత ఓర్చుకుంటుంది. కానీ నోట్లో శుభ్రంగా కరగదు, తిన్న తర్వాత అంగిలి మీద మైనపు పొరలా ఏదో మిగిలినట్టు అనిపిస్తుంది. ట్రఫుల్ లోపలి మెత్తదనమే దాని ప్రాణం కాబట్టి గనాష్‌కు, అంటే క్రీమ్, చాక్లెట్ కలిపి చేసే ముద్దకు, అసలు చాక్లెట్ మాత్రమే వాడాలని నా గట్టి అభిప్రాయం. అట్ట వెనుక పదార్థాల పట్టిక చదివితే ఏది ఏమిటో తెలిసిపోతుంది. కోకో సాలిడ్స్, కోకో బటర్, చక్కెర అని ఉంటే అసలైనది. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అన్న మాట ముందు వరుసలో కనిపిస్తే అది కాంపౌండ్. కోకో 50 నుంచి 60 శాతం మధ్య ఉన్న డార్క్ చాక్లెట్ ఈ పనికి బాగా నప్పుతుంది. అమూల్ డార్క్ చాక్లెట్ 55 శాతం కోకోతో వస్తుంది, సూపర్ మార్కెట్లలో తేలికగా దొరుకుతుంది, మొదటిసారి చేసేవారికి అది సరిపోతుంది. 70 శాతం దాటిన వాటిలో కొవ్వు ఎక్కువ కనుక గనాష్ విరిగే అవకాశం కూడా ఎక్కువ. చేయి తిరిగాక వాటి జోలికి వెళ్ళవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఇందులో గుడ్డు పడిందా?’ అని అడగడం సహజం. ఇక్కడ చెప్పే పద్ధతుల్లో గుడ్డు గానీ జెలటిన్ గానీ లేవు. అయినా కొనే చాక్లెట్ మీద, బిస్కెట్ల మీద ఆకుపచ్చ గుర్తు ఒకసారి చూసుకోవడం మంచిది.

కోకో మనకు దూరపు పంట కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి తోటల నీడలో, ఆయిల్ పామ్ తోటల మధ్య అంతరపంటగా కోకో చెట్లు పెరుగుతాయి. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఆ తర్వాత ఎండబెడతారు. చాక్లెట్ వాసనకు పునాది పడేది ఆ పులియబెట్టే దశలోనే. గోదావరి జిల్లాల కోకోతో చేసిన బార్లు ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటిలో పండ్లను తలపించే సన్నటి పులుపు ఉంటుంది కనుక యాలకులు, కాఫీ వంటివేవీ కలపకుండా ఒట్టి క్రీమ్‌తో చేస్తేనే ఆ రుచి బయటపడుతుంది. ధర కాస్త ఎక్కువైనా, ఆత్మీయులకు ఇవ్వడానికి చేసేటప్పుడు ఒక్కసారైనా వాడి చూడవలసిన చాక్లెట్ అది.

ఇక క్రీమ్. విదేశీ పద్ధతులు 35 శాతానికి పైగా కొవ్వున్న చిక్కటి క్రీమ్‌ను లెక్కలోకి తీసుకుంటాయి. మనకు అట్టపెట్టెలో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం, అంటే నీటి పాలు ఎక్కువ. అందుకని వాళ్ళు చెప్పినంత క్రీమ్ మనం పోస్తే గనాష్ పలచబడి ఉండ కట్టడానికి రాదు. క్రీమ్ పెట్టెను కదపకుండా కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత పైన కత్తిరించి చిక్కటి భాగాన్ని మాత్రమే చెంచాతో తీసుకోండి. అడుగున పలుచటి నీరు కనిపిస్తే దాన్ని పప్పులోనో కూరలోనో వాడుకోవచ్చు. ఇంట్లో పాల మీద తీసి దాచిన మీగడ మాత్రం ఈ పనికి పనికిరాదు. అది రోజుల తరబడి పోగైనది కావడం వల్ల కొద్దిగా పులిసి ఉంటుంది, వేడి చేయగానే విరుగుతుంది, ఎంత కలిపినా పలుకులు పోవు.

సుమారు 22 నుంచి 24 ట్రఫుల్స్‌కు కొలత ఇది: డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 80 గ్రాములు, వెన్న 15 గ్రాములు, చిటికెడు ఉప్పు, అద్దడానికి తీపి లేని కోకో పొడి 30 గ్రాములు. చాక్లెట్‌లో సగం క్రీమ్ పోయడం మామూలు లెక్క. మన వేడికి ఆ సగాన్ని ఇలా 80 గ్రాములకు తగ్గించాలి, ఏప్రిల్, మే నెలల్లో 70 గ్రాములకు దించినా తప్పు లేదు. మార్గళి నెల చల్లదనంలో 90 దాకా వెళ్ళవచ్చు, అప్పుడు ఉండ మరింత మృదువుగా వస్తుంది. మిల్క్ చాక్లెట్ స్వతహాగా మెత్తన కనుక 200 గ్రాములకు క్రీమ్ 65 గ్రాములు చాలు, వైట్ చాక్లెట్‌కు 50 గ్రాములు దాటకూడదు. వెన్న ఉప్పు లేనిదైతే మంచిది. పసుపు రంగు టేబుల్ బటరే ఇంట్లో ఉంటే అదే వాడి, విడిగా ఉప్పు వేయడం మానేయండి. తూకం కాటా లేనివారు క్రీమ్‌ను ఐదు పెద్ద చెంచాలు, ఆపైన ఇంకొంచెం అని లెక్క వేసుకోవచ్చు. అయినా ఈ వంటకంలో పది గ్రాముల తేడాకే ముద్ద స్వభావం మారిపోతుంది కాబట్టి చిన్న డిజిటల్ కాటా కొనుక్కోమనే నేను చెబుతాను.

చాక్లెట్‌ను రంపపు పళ్ళున్న కత్తితో వీలైనంత సన్నగా తరగాలి. పెద్ద ముక్కలు మిగిలితే మిగతాదంతా చల్లారిపోయినా అవి కరగక గనాష్‌లో పలుకులుగా తగులుతాయి. మనం క్రీమ్ తగ్గించాం కనుక ఆ కొద్దిపాటి క్రీమ్ వేడి 200 గ్రాముల చాక్లెట్‌ను పూర్తిగా కరిగించలేదు. అందుకని ముందు చాక్లెట్‌ను సగం వరకు కరిగించి పెట్టుకోవాలి. ఒక గిన్నెలో రెండంగుళాల నీళ్ళు మరిగించి పొయ్యి ఆపేసి, దాని మీద చాక్లెట్ ఉన్న గిన్నెను అడుగు నీళ్ళకు తగలకుండా పెట్టండి. ముక్కల అంచులు మెత్తబడి సగం కరిగి, సగం ముక్కలుగా ఉన్నప్పుడు దించేసి, గిన్నె అడుగున ఉన్న తడిని పొడి గుడ్డతో తుడవాలి. ఆ తుడవడం చిన్న పనే అయినా తప్పనిసరి. కరిగిన చాక్లెట్‌లో నాలుగు నీటి చుక్కలు పడితే అందులోని చక్కెర ఆ తడిని పట్టుకుని జిగురుగా మారి, కోకో రేణువులన్నిటినీ గడ్డ కట్టిస్తుంది. నున్నగా ఉన్న చాక్లెట్ చూస్తుండగానే ఇసుక ముద్దలా బిగుసుకుపోతుంది.

క్రీమ్‌ను మందపాటి చిన్న గిన్నెలో సన్నటి సెగ మీద వేడి చేయండి. గిన్నె అంచుల వెంట చిన్న బుడగలు లేచి, మధ్య నుంచి ఆవిరి రాగానే దించాలి, పొంగు రానివ్వకూడదు. ఎక్కువసేపు మరిగితే నీరు ఆవిరై లెక్క తప్పుతుంది. ఆ వేడి క్రీమ్‌ను చాక్లెట్ మీద అంతటా పరుచుకునేలా పోసి, మూత పెట్టి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత రబ్బరు గరిటెతో గిన్నె నడిమధ్యలో మాత్రమే చిన్న సున్నాలు చుడుతున్నట్టు కలపడం మొదలుపెట్టండి. మొదటి పది పన్నెండు చుట్లకు అది విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా, చారలు చారలుగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి గబగబా గిలకొడతారు. అలా చేయకండి. అదే నిదానంతో కలుపుతూ ఉంటే మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి నిగనిగలాడే మచ్చ ఏర్పడుతుంది. గరిటెను కొద్దికొద్దిగా అంచుల వైపు జరుపుతూ పోతే ఆ మెరుపు గిన్నె అంతా వ్యాపిస్తుంది. నీరు, కొవ్వు కలిసిపోయాయనడానికి గుర్తు ఆ మెరుపే. గిన్నె అడుగు చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు వెన్న, ఉప్పు వేసి అదే తీరున కలపాలి.

గనాష్ మెరవకుండా గరుకుగా ఉండి, అంచుల్లో నూనె తేలినట్టు కనిపిస్తే అది విరిగిందని అర్థం. చాక్లెట్ పాలు ఎక్కువగా ఉండే ఈ కొలతలో అది అప్పుడప్పుడు జరగవచ్చు, దాన్ని పారేయనక్కరలేదు. ఒక చిన్న చెంచాడు గోరువెచ్చటి పాలు మధ్యలో పోసి, ఆ చోటనే నెమ్మదిగా కలపండి. కలవకపోతే మరో చెంచాడు. కొవ్వు మరీ ఎక్కువై, దాన్ని ఇముడ్చుకోవడానికి నీరు చాలకపోవడం వల్ల విరుగుతుంది కనుక ఈ కొద్దిపాటి పాలే దాన్ని మళ్ళీ కలుపుతాయి. నీటి చుక్క పడి గడ్డ కట్టిన చాక్లెట్‌కూ ఇదే మందు. తడి కొద్దిగా పడితే బిగుసుకుంటుంది, తగినంత వేడి క్రీమ్ పడితే తిరిగి వదులవుతుంది.

సిద్ధమైన గనాష్‌ను లోతైన గిన్నెలో ఉంచితే అంచులు రాయిలా గట్టిపడినా మధ్యభాగం మెత్తగానే మిగులుతుంది. అంచున్న పళ్ళెంలో వెన్న కాగితం పరిచి రెండు సెంటీమీటర్ల మందాన పోస్తే అంతా ఒకే తీరున కుదురుకుంటుంది. పైన ప్లాస్టిక్ పొరను గాలి చొరకుండా గనాష్‌కు అంటేలా కప్పి, వేడి పూర్తిగా తగ్గాక ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచాలి. ఇంకొక జాగ్రత్త మన ఇళ్ళకే ప్రత్యేకం. చెన్నైలో ఫ్రిజ్ తలుపు తీస్తే దోశల పిండి, నిన్నటి సాంబారు, సాయంత్రానికి దాచిన మల్లెపూల పొట్లం అన్నీ అక్కడే ఉంటాయి. కోకో బటర్ వాసనలను ఇట్టే పట్టేస్తుంది. మల్లెపూల పక్కన మూత లేకుండా ఒక రాత్రి ఉన్న ట్రఫుల్‌ను ఎవరూ తినలేరు. కాబట్టి పళ్ళేన్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. వేలి కొనతో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. అప్పుడు ఉండలు కట్టడానికి సమయం వచ్చినట్టు.

సున్నుండలను నెయ్యి వేడి మీద ఉండగానే గట్టిగా అదిమి చుడతాం, ట్రఫుల్స్‌కు ఇది సరిగ్గా తారుమారు. అరచేతి వేడి ఎంత తక్కువ తగిలితే అంత మేలు. ఉదయం ఎండ ఎక్కకముందో, రాత్రి భోజనాలయ్యాకో ఈ పని పెట్టుకోండి. ఏసీ ఉన్న గదిలో తలుపు వేసుకుని కూర్చుంటే హాయిగా సాగుతుంది. ఫ్యాన్ మాత్రం ఆపాలి, లేకపోతే కోకో పొడి ఇల్లంతా ఎగురుతుంది. చేతులను ఐసు నీళ్ళలో కాసేపు ముంచి పూర్తిగా తుడుచుకుని, వేళ్ళకు కాస్త కోకో పొడి పూసుకోవాలి. పళ్ళెంలోంచి సగమే బయటికి తీసి, రెండో సగాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచండి. చిన్న చెంచాతో 12 గ్రాముల చొప్పున గీరి తీసి, మొదటి విడతలో గుండ్రదనం గురించి పట్టించుకోకుండా గబగబా ముద్దలుగా చేసి కాగితం మీద పేర్చి, పదిహేను నిమిషాలు మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండో విడతలో వేళ్ళ కొనల మధ్య రెండు మూడు చుట్లు తిప్పితే చాలు, నున్నటి ఉండ వస్తుంది. ఒకేసారి చక్కటి గుండ్రం కోసం అరచేతిలో రుద్దుతూ కూర్చుంటే చేతికి పూసుకున్నదే ఎక్కువవుతుంది.

పైన అద్దే కోకో పొడి తప్పకుండా తీపి లేనిదే కావాలి. పాలలో కలుపుకునే చాక్లెట్ పొడుల్లో చక్కెర ఎక్కువ కనుక సముద్రపు గాలి తేమకు అవి నిమిషాల్లో చెమర్చి బురదలా అవుతాయి. కోకోను జల్లించి వెడల్పాటి పళ్ళెంలో పోసి, ఉండలను వేసి పళ్ళేన్ని గుండ్రంగా తిప్పండి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉన్నాక ఆ పొడి తడిని పీల్చి నల్లబడడం మామూలే, వడ్డించే ముందు మరోసారి దొర్లిస్తే సరిపోతుంది. వేయించి పొట్టు తీసిన పల్లీల పలుకులు, దోరగా వేగిన నువ్వులు, ఎండుకొబ్బరి కోరు, పిస్తా ముక్కలు కూడా బాగుంటాయి. తమిళనాట ఉన్నాం కనుక కోవిల్‌పట్టి కడలై మిఠాయిని మరవకూడదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పల్లీ పట్టీని బరకగా దంచి అద్దితే చాక్లెట్ చేదుకు బెల్లం తీపి, పల్లీల కరకర చక్కగా జత కుదురుతాయి. బెల్లం తేమను లాగుతుంది కనుక దాన్ని తినబోయే ముందే అద్దాలి.

రుచుల విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫిల్టర్ కాఫీ ట్రఫుల్. క్రీమ్‌ను 65 గ్రాములకు తగ్గించి, దాని బదులు మొదటిసారి దిగిన చిక్కటి డికాక్షన్ ఒక పెద్ద చెంచాడు క్రీమ్‌లోనే కలిపి వేడి చేయండి. రెండోసారి దిగిన పలుచటి డికాక్షన్ వేస్తే నీరు తప్ప రుచి చేరదు. చికోరీ కలిసిన పొడి అయితే దాని చేదు కూడా తోడవుతుంది కనుక 55 శాతం చాక్లెట్ దాటకండి. యాలకులు వేయాలనుకుంటే పొడి చల్లడం కంటే నాలుగు కాయలు చితక్కొట్టి క్రీమ్‌తో పాటు వేడి చేసి, పది నిమిషాలు మూత పెట్టి వడకట్టి, మళ్ళీ వేడి చేసి పోస్తే పరిమళం అంతటా సమంగా పడుతుంది. శొంఠి, మిరియాలు కూడా ఇలాగే.

క్రీమ్, కాటా, గనాష్ అన్న హైరానా వద్దనుకునేవారికి, పిల్లలతో కలిసి చేయాలనుకునేవారికి మేరీ బిస్కెట్లతో చేసే రకం ఉంది. 200 గ్రాముల బిస్కెట్లను మెత్తగా పొడి చేసి, 25 గ్రాముల కోకో పొడి కలిపి, 30 గ్రాముల కరిగించిన వెన్న, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ పోసి ముద్దగా కలపాలి. పొయ్యితో పని వెన్న కరిగించడానికి మాత్రమే. ముద్ద పొడిగా ఉంటే చెంచాడు పాలు, జారుగా ఉంటే మరో రెండు బిస్కెట్ల పొడి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి చుట్టి, కొబ్బరి కోరులో దొర్లించవచ్చు. గనాష్ మెత్తదనం దీనికి రాదు, కానీ వేడికి కరిగి జారిపోదు కాబట్టి పుట్టినరోజు వేడుకలో బల్ల మీద పెట్టడానికి ఇదే అనువైనది.

క్రీమ్ ఉన్న ట్రఫుల్స్‌ను గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంచవచ్చు, డీప్ ఫ్రీజర్‌లో నెల వరకు ఉంటాయి. బయటికి తీసేటప్పుడు డబ్బా మూత వెంటనే తెరవకండి. చెన్నై గాలిలోని తేమ చల్లటి ఉండల మీద నీటి బిందువులుగా చేరుతుంది. ఆ తడికి చక్కెర కరిగి, ఆరాక తెల్లటి గరుకు పొరగా మిగులుతుంది. తినడానికి ప్రమాదం లేదు గానీ నున్నదనం పోతుంది. మూత పెట్టిన డబ్బానే పావుగంట బయట ఉంచి, ఆ తర్వాత తెరిస్తే తడి డబ్బా మీదే నిలిచిపోతుంది.

దీపావళికో, ఉగాదికో బంధువుల ఇంటికి తీసుకెళ్ళాలంటే కాంపౌండ్ చాక్లెట్ అక్కరకు వస్తుంది. 150 గ్రాములు కరిగించి గోరువెచ్చగా చల్లార్చి, బాగా చల్లబడిన ఉండలను ఒక్కొక్కటిగా ఫోర్కు మీద పెట్టి ముంచి, అదనపు చాక్లెట్‌ను గిన్నె అంచున జారవిడిచి వెన్న కాగితం మీద పెడితే ఐదు నిమిషాల్లో పెంకు గట్టిపడుతుంది. లోపల అసలు గనాష్, పైన వేడికి ఓర్చే పొర ఉంటాయి కనుక రుచికి లోటుండదు. ఆ ఉండలను స్టీలు డబ్బాలో ఒకే వరుసగా పేర్చి, డబ్బాను గుడ్డలో చుట్టి, వేడి చొరని సంచిలో ఐసు ప్యాకుతో పాటు పెట్టండి. ఐసు ప్యాకు డబ్బా పైన ఉండాలి, ఎందుకంటే చల్లదనం కిందికి దిగుతుంది. చేరగానే ఫ్రిజ్‌లో పెట్టమని, తినే ముందు పావుగంట బయట ఉంచమని ఆ ఇంటివారికి తప్పక చెప్పండి.